భరిణెలోని ‘నేను’

గండభేరుండం గూట్లోంచి ఈక దొంగిలించడం ఒక ఎత్తు, దొంగిలించాక ప్రాణాలతో కొండ దిగడం మరో ఎత్తు. సింగన మొదటిది ఎలాగో కానిచ్చాడు. రెండోదానికి వచ్చేసరికి ఆ రెండు తలల పక్షి కాస్తా నిద్ర లేచింది.

ఒక తల కుడివైపు చూస్తుంటే రెండో తల ఎడమవైపు చూస్తుంది కనుక దాని కన్నుగప్పి పారిపోవడం అయ్యే పని కాదు. సింగన ఈకను నడుముకు చుట్టిన దట్టీలో దోపుకుని రాళ్ళ మీంచి దొర్లాడు, ముళ్ళకంపలో పడి లేచాడు, పక్షి గోళ్ళు తలపాగాను ఎగరేసుకుపోతే ‘తల మిగిలింది, అదే పదివేలు’ అనుకుంటూ జలపాతంలోకి దూకేశాడు. కింద మడుగు నిండా మొసళ్ళు. అవి నోళ్ళు తెరిచేలోగా పక్షి కూడా నీళ్ళ మీదికి వాలింది. ఈ పలహారం ఎవరిదన్న తగువులో అవీ ఇదీ కలబడ్డాయి. ఆ సందట్లో సింగన అవతలి గట్టెక్కి పరుగందుకున్నాడు. ఈక ఎవరి చేతిలో ఉంటే వాళ్ళను వెతుక్కుంటూ ఎంత దూరమైనా వస్తుందని ఆ పక్షికి పేరు. వెనక నుంచి అది వేసిన కేక వింటే ఆ మాట నిజమేననిపించింది.

ఇంత తెగించినవాడు మహా ధైర్యశాలి అనుకునేరు. అదేం లేదు. సింగనకు పక్షులంటే భయం లేదు, మొసళ్ళంటే భయం లేదు. ఉన్న భయమల్లా కరుణాక్ష సిద్ధుడు నిట్టూరుస్తాడేమోనన్నదే. ఆ సిద్ధుడు తిట్టడు, కొట్టడు, గొంతు పెంచడు. “పోనీలే నాయనా” అని ఒక్క నిట్టూర్పు విడుస్తాడు. అంతే, సింగన ఆ పూట అన్నం ముట్టలేడు.

దీనికి కారణం తెలియాలంటే మేఘశిఖర దుర్గాన్ని ఒకసారి చూసి రావాలి. పగడపు రంగు రాతి గోడలు, బురుజుల మీద గాలికి తిరిగే వెండి నెమళ్ళు, సాయంకాలమైతే మబ్బులు గవాక్షాల్లోంచి లోపలికి వచ్చి దీపాలు ఆర్పిపోయేంత ఎత్తు. నగరం వైపు ఏనుగులు నడిచే రాచబాట ఉంది. రెండోవైపు మాత్రం నేల కత్తితో కోసినట్టు తెగిపోయి, కింద మూగలోయ మొదలవుతుంది. ఎంత గట్టిగా అరిచినా తిరిగి పలకదు కనుక దానికా పేరు. లోయ అడుగున రాజవంశపు ఇలవేల్పు గుహ ఉంది. అక్కడికి పోవడానికీ రావడానికీ దారి ఒక్కటే, మోకుకు కట్టిన బుట్ట. గట్టు మీద మోకు చుట్టే రాట్నం, రాట్నం వెనక్కి తిరగకుండా దాని పళ్ళలో దించే ఇనుప చీల, వాటిని నమ్ముకుని బతికే మోకువాడు. సింగన తాతల కాలం నుంచీ ఆ పని వాళ్ళింటిదే.

మోకువాళ్ళకొక కట్టుబాటుంది. కింద మనిషి బుట్ట దగ్గరికి రాగానే గంట మోగిస్తాడు. పై నుంచి మోకువాడు ‘నేనున్నాను’ అని కేకేయాలి. ఆ మనిషి బుట్టెక్కి ‘నేనొస్తున్నాను’ అని బదులివ్వాలి. మొదటి మాట వినబడనిదే రాజైనా సరే బుట్టలో కాలు పెట్టడు. రెండోది వినబడనిదే మోకు కదలదు.

కిందటేడు యువరాజు జయకేతుడు గుహలో పూజ ముగించి బుట్టెక్కాడు. పట్టపగలే ఎక్కణ్ణించో మంచు దిగి లోయను కమ్మేసింది. సగం దూరం వచ్చిన బుట్ట రాయిలా కిందికి పోయింది. బుట్ట దొరికింది, యువరాజు దొరకలేదు. ఆ మధ్యాహ్నం గురించి సింగనకు గుర్తున్నది మూడు ముక్కలు. తల దిమ్మెక్కడం. రాట్నం పక్కన కూలబడటం. తన గొంతే తన వెనక నుంచి ‘నేనున్నాను’ అనడం. ఎవడి గొంతైనా వాడి నోట్లోంచి రావాలి గాని వెనక నుంచి రావడమేమిటో ఏడాదిగా ఎంత ఆలోచించినా వాడికి అంతుపట్టలేదు.

కళ్ళు తెరిచేసరికి పక్కన కరుణాక్షుడు కన్నీళ్ళు తుడుచుకుంటూ కనిపించాడు. “నిద్రపోయావు నాయనా. యువరాజును చంపేశావు. రాజుగారికి తెలిస్తే ఏనుగు కాళ్ళ కింద వేయిస్తారు. నువ్వూ లోయలో పడి చచ్చావని చెప్పి వచ్చాను. నీ కోసం నా నోటితో అబద్ధమాడాను” అన్నాడు. తర్వాత చిన్న రాగి భరిణె తీశాడు. “ఇంక ‘నేను’ అనుకునే అర్హత నీకు లేదు. నువ్వా మాట అన్నప్పుడల్లా యువరాజు ఆత్మ ఉలిక్కిపడుతుంది. దాన్ని నా దగ్గర దాచిపెట్టు. ప్రాయశ్చిత్తం పూర్తయ్యాక నీది నీకిచ్చేస్తాను” అని, భరిణెను వాడి నోటి ముందు పెట్టి ఆఖరుసారి ‘నేను’ అనిపించి, టప్పున మూత వేశాడు. ఊపి చూపిస్తే లోపల ఏదో కటకటలాడింది. ఆనాటి నుంచి సింగన తనను తాను ‘వీడు’ అనుకుంటూ ఆ సిద్ధుడు చెప్పిన పనల్లా చేస్తూ తిరుగుతున్నాడు.

ఇప్పుడు చచ్చిన సింగన నగరంలోకి పోవాలంటే వేషం కావాలి కదా. దారిలో ఒక గాజులమ్మే ముసలాయన దగ్గర తాడుకు గుచ్చిన గాజుల మలారం సంపాదించి, ఈకను గాజుల వరసల మధ్య దాచి, గడ్డానికి బూడిద పూసుకుని నగరద్వారం దగ్గర నిలబడ్డాడు.

“ఎవడ్రా?” అన్నాడు కావలివాడు.

“వీడు గాజులవాడండి.”

కావలివాడు సింగన వెనక నిలబడ్డ కుండలవాణ్ణి ఎగాదిగా చూశాడు. “వాడి దగ్గర కుండలున్నాయి కదరా?”

“వాడు కాదండి. వీడు.”

“వీడంటే?”

“వీడేనండి. ఊళ్ళో గాజులమ్ముకుని పొద్దుగూకేసరికి పోతాడు.”

రెండో కావలివాడు బల్లెం పట్టుకుని దగ్గరికొచ్చాడు. “ఒరేయ్, వీడితో ఇంకెవడో ఉన్నాడు. ముందు వాణ్ణి లోపలికి పంపించి తర్వాత వీడొస్తాడు కాబోలు. ఏడ్రా వాడు?”

“ఎవరండీ?” అన్నాడు సింగన నిజంగానే అర్థంకాక.

“పొద్దుగూకేసరికి పోతాడన్నావే, వాడు.”

“వీడాండీ?”

“ఆఁ, వాడే.”

“వీడెక్కడికీ పోలేదండి, ఇక్కడే ఉన్నాడు.”

ఇద్దరు కావలివాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇక్కడే ఉండి కంటికి కనిపించని గాజులవాడంటే వాళ్ళకు కొంచెం జంకు పుట్టింది. బల్లేలతో గాలిని పొడుస్తూ, కుండలవాడి గాడిద కింద వెతుకుతూ, వరసలో నిలబడ్డవాళ్ళ గంపలన్నీ దించిస్తూ గోల మొదలుపెట్టారు. సింగన మలారం భుజానేసుకుని మెల్లగా లోపలికి నడిచాడు. ఎవరి కోసం వెతుకుతున్నారో వాడికి చివరిదాకా బోధపడలేదు. పాపం ఎవడో దొరికిపోతాడని కాసేపు జాలిపడ్డాడు కూడా.

పాడుబడ్డ గజశాలలో కరుణాక్షుడు పులితోలు మీద కూర్చుని ఉన్నాడు. ఈకను అందుకుని ఎండలో తిప్పి చూశాడు. మొసళ్ళు కరిచాయా, పక్షి గీరిందా అని అడగలేదు.

“ఆలస్యం చేశావు నాయనా” అన్నాడు.

“వీడిదే తప్పు స్వామీ.”

“తప్పని అనడం లేదు. నీ మీద బెంగతో నిన్నటి నుంచి నా గొంతులో మెతుకు దిగలేదు. అంతకంటే ఏం లేదు. పోనీలే.”

సింగన తల దించుకోబోయాడు. కాని సిద్ధుడి మూతి పక్కన పులిహోర పసుపు మెరుస్తోంది. పులితోలు వెనక నాకినట్టున్న అరిటాకు కూడా కనిపించింది. అది చూసినందుకు సింగన తన కళ్ళనే తిట్టుకున్నాడు. తన కోసం పస్తున్న మహానుభావుడి మూతి వంక చూస్తాడా ఎవడైనా?

“స్వామీ, ఆ రోజు వీడి గొంతు వీడికే వెనక నుంచి వినబడింది. అదొక్కటీ తెగడం లేదు.”

“ఎన్నిసార్లు చెప్పాలి? ఆ రోజు నేను కింద గుహ దగ్గర ధ్యానంలో ఉన్నాను. నీ గురక అక్కడిదాకా వినబడింది. నిద్రమత్తులో నువ్వేదో అన్నావు, లోయ మారుమోగింది. తప్పు చేసినవాడి చెవులు అట్లాగే ఆడిస్తాయి.” సిద్ధుడు భరిణె తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల కటకటమంది. “విన్నావా, ఎంత తొందరపడుతోందో నీ దగ్గరికి రావాలని. ఇదే ఆఖరి పని. ఈ మధ్యాహ్నం బుట్టలో దర్భలతో చేసిన బొమ్మ పైకి వస్తుంది. సగం దూరం రాగానే చీల లాగెయ్యి. బొమ్మ లోయలో పడుతుంది, యువరాజు లేచి వస్తాడు. రాజుగారి కడుపుశోకం తీరుతుంది. చేస్తావా, నా నోట మన్ను కొడతావా?”

“చేస్తాడు స్వామీ” అన్నాడు సింగన. యువరాజు బతికొస్తాడంటే వాడు ఆ గండభేరుండాన్నే పెళ్ళాడమన్నా పెళ్ళాడేవాడు.

గట్టు మీద రాట్నం, మోకు, చీల అన్నీ వాడు వదిలేసినట్టే ఉన్నాయి. ఇప్పటి మోకువాడు మాత్రం రాట్నం పక్కన నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. సింగన భుజం కుదిపాడు, లేవలేదు. బుగ్గ గిల్లాడు, లేవలేదు. మనిషి నిద్ర ఇంత మొద్దుగా ఉంటుందా అని వాడికి వింతగా అనిపించింది. ఇంతలో కరుణాక్షుడు ఈకను లోయ మీదికి చాచి విసరసాగాడు. విసిరిన కొద్దీ ఈక కొసల్లోంచి తెల్లటి మంచు పాయలుపాయలుగా జారి, లోయ నిండి, గట్టు మీదికి పొంగి, మిట్టమధ్యాహ్నపు సూర్యుణ్ణి మింగేసింది. బురుజు మీది నెమళ్ళు మాయమయ్యాయి. సింగనకు నాలుగడుగుల అవతల ఏముందో కనబడలేదు.

మంచు ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు కళ్ళారా చూశాడు. మరి కిందటేడు మంచు ఎక్కణ్ణించి వచ్చింది, అప్పుడూ ఇలాంటి ఈకేనా? సగం ఆలోచన వచ్చింది, మిగతా సగం రాకముందే కింద గంట మోగింది.

“పిలువు” అన్నాడు సిద్ధుడు.

“ఏమని పిలుస్తాడు స్వామీ? ఆ మాట భరిణెలో ఉంది కదా.”

కరుణాక్షుడు నాలుక కరుచుకున్నాడు. ఎంత ఆరితేరినవాడైనా ఒక్కచోట కాలు జారతాడు. ఏ మాటను లాక్కున్నాడో ఆ మాటే ఇప్పుడు కావలసొచ్చింది. సింగన తన తిప్పలేవో తాను పడదామని లోయలోకి వంగి, “వీడున్నాడు” అని కేకేశాడు.

 కింద నుంచి ఒక ఆడగొంతు చిరాగ్గా అడిగింది. “వీడెవడు?”

సింగన ఉలిక్కిపడ్డాడు. దర్భబొమ్మకు నోరెట్లా వచ్చింది?

“మాయ, నాయనా. నమ్మకు” అంటూ సిద్ధుడు గబగబా గట్టు మీది బండరాతి వెనక్కి పోయాడు. మరుక్షణం సింగన వీపు వెనక నుంచి సింగన గొంతే, అదే సాగదీత, అదే జీర, ‘నేనున్నాను’ అని లోయలోకి పిలిచింది.

సింగన నోరు మూసుకునే ఉన్నాడు. అనుమానం తీరక పెదాల మీద చెయ్యి పెట్టుకుని మరీ చూసుకున్నాడు. మూసే ఉన్నాయి.

“నేనొస్తున్నాను” అంది కింద బుట్టలోంచి ఆడగొంతు. ఆ గొంతు వాడికి తెలుసు. యువరాజు చెల్లెలు కువలయ. అన్న పోయిన తిథికి గుహలో దీపం పెట్టడానికి దిగి ఉంటుంది. లేకపోతే ఇదీ మాయేనా? చేతులు అలవాటు కొద్దీ రాట్నం తిప్పుతున్నాయి, మోకు కిర్రుమంటూ చుట్టుకుంటోంది, చీల పళ్ళ మీద టకటకలాడుతోంది, తల మాత్రం చిక్కుపడ్డ దారపుండలా ఉంది. కొస దొరకదు. దొరికిందనుకుంటే అది ఇంకో ముడి.

“చాలు. సగం వచ్చింది. చీల లాగు” అన్నాడు సిద్ధుడు రాతి వెనక నుంచి వస్తూ.

“స్వామీ, బుట్టలో మనిషి ఉంది.”

“బొమ్మ.”

“బొమ్మకింత బరువుండదు స్వామీ. మోకు పట్టినవాడి చేతికి తెలుస్తుంది.”

“ఆ రోజూ ఇట్లాగే నీ చేతిని నమ్ముకున్నావు. ఏమైంది? చీల లాగేశావు. నేను ఇక్కడే, నీ పక్కనే నిలబడి కళ్ళారా చూశాను.”

సింగన రాట్నం పట్టుకునే తల తిప్పాడు. “కింద గుహ దగ్గరున్నానన్నారు కదా స్వామీ?”

“అన్నానా? నేనెప్పుడన్నాను?”

“పొద్దున్నే. నిద్రపోయాడని కూడా అన్నారు. నిద్రపోయినవాడు చీల ఎట్లా లాగుతాడు?”

“నిద్రలోనే లాగావు.”

“లోయ మారుమోగిందన్నారు.” ఈ మాట వాడి నోట్లోంచి చాలా మెల్లగా వచ్చింది. “ఇది మూగలోయ స్వామీ. వీడి తాత పుట్టక ముందు నుంచీ ఇది ఎవరికీ పలకలేదు.”

ఈ దేశానికి నిన్నగాక మొన్న వచ్చిన సిద్ధుడికి ఆ సంగతి తెలియదు. తెలిసిన సింగనకు ఏడాది పొడుగునా గుర్తు రాలేదు. దిగులు మనిషి చేత తన ఊరి పేరు కూడా మరిపిస్తుంది మరి.

కరుణాక్షుడి ముఖం ఒక్క క్షణం నల్లబడింది. ఆ వెంటనే కళ్ళు నీళ్ళతో నిండాయి. “నన్నే నిలదీస్తున్నావా నాయనా? నీ కోసం అబద్ధమాడానే, నీ కోసం పస్తులున్నానే. పోనీలే. యువరాజు లేవకపోతే లేవకపోయాడు. నా మనసు విరిగితే విరిగింది. నువ్వు సుఖంగా ఉండు.”

చూశారా, ఇదీ ఆ మహానుభావుడి అసలైన మంత్రం. దానికి ఈకా అక్కర్లేదు, విభూతీ అక్కర్లేదు. ఆ నిట్టూర్పు చెవిన పడగానే సింగనకు ‘తప్పైంది స్వామీ’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కుడిచెయ్యి తనంతట తానే చీల మీదికి పోయింది. వాడికి నిజంగానే ఏమీ తెలియలేదు. ఆ రోజు నిద్రపోయాడేమో. చీల లాగాడేమో. సిద్ధుడు చెప్పినవన్నీ అబద్ధాలో, తన జ్ఞాపకమే అబద్ధమో ఇప్పటికిప్పుడు తేల్చేవాళ్ళెవరూ లేరు. తెలిసినదొక్కటే, మోకు చివర బరువుంది. ఆ బరువు గాలికి మెల్లగా ఊగుతోంది, భయపడ్డ మనిషి బుట్ట అంచు పట్టుకున్నప్పుడు ఊగినట్టు.

చెయ్యి చీల మీంచి వెనక్కి తీసుకున్నాడు.

“వీడు చీల లాగడు” అన్నాడు.

“ఏమన్నావు?”

“కిందటేడు వీడేం చేశాడో వీడికి తెలియదు స్వామీ. చేశాడేమో. ఇవాళ మాత్రం చెయ్యడు.”

సిద్ధుడి కన్నీళ్ళు పుట్టినంత తొందరగానే ఇంకిపోయాయి. “అయితే నీ ‘నేను’ ఇంక నీకు లేదు. చచ్చేదాకా ఇట్లాగే వీడు వీడంటూ ఏడువు” అని, భరిణెను లోయలోకి విసిరాడు. మంచులో ఎటు విసిరాడో వాడికే సరిగా కనబడలేదు కాబోలు, అది రాట్నం దూలానికి తగిలి మూత ఊడి సింగన కాళ్ళ దగ్గర పడింది. లోపల్నుంచి దొర్లి వచ్చి వాడి బొటనవేలికి తగిలి ఆగిందొకటి.

చింతగింజ.

సింగన దాని వంక చూశాడు. ఏడాది. ఏడాది పాటు ఒక చింతగింజ కోసం కొండలెక్కి, మొసళ్ళ నోట్లో కాలు పెట్టి, తానెవరో తానే చెప్పుకోలేక గాడిదల మధ్య నిలబడ్డాడు. కోపం పొంగింది. దానితో పాటే సిగ్గూ, ఆ రెంటి మీదా పట్టలేని నవ్వూ వచ్చాయి. మాట కోసం నోట్లో తడుముకున్నాడు. ఉంది. తుప్పు పట్టినట్టుంది, కాని ఉన్నచోటే ఉంది.

“నే...” అన్నాడు.  మళ్ళీ అన్నాడు. “నేను లాగను. నేను మోకువాణ్ణి. నువ్వెవడివి?”

కరుణాక్షుడు ఇంక మాటలు పెట్టుకోలేదు. పులిలా రాట్నం మీద పడి చీల పీకి పారేశాడు. రాట్నం గిర్రున వెనక్కి తిరిగింది. కింద కువలయ కేక వినబడింది. సింగన రాట్నం వదిలి మోకునే ఒడిసి పట్టి, నడుముకు ఒక చుట్టు వేసి, రెండు పాదాలూ గట్టు రాతికి తన్నిపెట్టాడు. అరచేతుల తోలు లేచిపోయింది. మోకు ఆగింది. రాట్నం తిప్పడం తెలిసిన ప్రాణం కనుక ఎక్కడ బరువు మొయ్యాలో ఒంటికే తెలుసు.

సిద్ధుడు బొడ్లోంచి కత్తి దూసి మోకు వైపు ఉరికాడు. ఎడమచేతిలో ఈక ఉన్న సంగతి మరిచిపోయాడు. పైన మంచులో ఏదో పెద్ద నీడ కదిలింది. ఒక కేక కుడివైపు నుంచి, ఒక కేక ఎడమవైపు నుంచి వచ్చాయి. గండభేరుండం తన ఈకను వెతుక్కుంటూ వచ్చేసింది. రెండు ముక్కులూ ఒకేసారి దిగాయి. సిద్ధుడు కత్తి ఝళిపించాడు, రెక్కలు కొట్టుకున్నాయి, రాళ్ళు దొర్లాయి, ఎవరు ఎవర్ని పట్టుకున్నారో మంచులో ఆనవాలు తెలియలేదు.

వాళ్ళ తగువు వాళ్ళది. సింగన లోయలోకి తల వంచాడు.

“పైన ఎవరయ్యా?” కువలయ బుట్టలోంచి అడిగింది. “ఇందాక వీడున్నాడన్నది నువ్వేనా, నేనున్నానన్నది నువ్వేనా?”

“మొదటిది నేనేనమ్మా. రెండోది నేను కాదు. ఇప్పుడు అంటున్నది మాత్రం నేనే.” ఊపిరి గుండెల నిండా పీల్చుకున్నాడు. ఏడాదిగా లోపలే ఉండిపోయిన కేకను మొత్తంగా లోయలోకి వదిలాడు. “నేనున్నాను.”

“నేనొస్తున్నాను” అంది కువలయ.

సింగన ఒక గుప్పెడు మోకు లాగాడు. రెండో గుప్పెడు లాగబోయాడు. అప్పుడు కువలయ బుట్ట కంటే చాలా కింద నుంచి, లోయ అట్టడుగు చీకట్లోంచి, ఎన్నాళ్ళుగానో ఈ పిలుపు కోసమే చెవులు రిక్కించి కూర్చున్నట్టు, యువరాజు గొంతులాంటి ఒక మగగొంతు బొంగురుగా పలికింది.

“నేనూ వస్తున్నాను.”

మూగలోయ ఎవరికీ తిరిగి పలకదు. సింగన ఆ మాట తనకు తాను చెప్పుకుంటుండగానే చేతుల్లో మోకు ఒక్కసారిగా రెండింతలు బరువెక్కింది.